జూన్‌లో క్యాస్ట్రోకి: శాన్‌ఫ్రాన్సిస్కో గే పేటకి మొదటిసారి వచ్చే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెల రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఫ్రీమాంట్ నుంచో, సన్నీవేల్ నుంచో, డబ్లిన్ నుంచో ఎవరో ఒక తమ్ముడు. ముందు ఉద్యోగం గురించి మాట్లాడతాడు, తర్వాత అద్దెల గురించి. "సరే, ఉంటానన్నా" అంటాడు గానీ ఫోన్ పెట్టడు. కాసేపాగి అప్పుడు అడుగుతాడు: "అన్నా, ఆ క్యాస్ట్రో అంటారే, అక్కడికి ఒకసారి రావచ్చా?" అడిగే గొంతులు ఏటా మారుతున్నాయి, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. పన్నెండేళ్లుగా ఈ పేటలో కాపురముంటున్నవాడిగా నాకు తెలిసింది ఇది.

క్యాస్ట్రో ఎక్కడుంది? ఎలా రావాలి?

మార్కెట్ స్ట్రీట్ సముద్రపు ఒడ్డున మొదలై ఊరిని ఏటవాలుగా కోసుకుంటూ ట్విన్ పీక్స్ కొండల వైపు వస్తుంది. అది క్యాస్ట్రో స్ట్రీట్‌ని కలిసే మూల నుంచి 19వ వీధి దాకా నాలుగడుగులు వేస్తే పేట బజారంతా చూసేసినట్టే. పాత పేరు యురేకా వ్యాలీ. ఒకప్పుడు ఐరిష్ కార్మిక కుటుంబాలుండేవి. వాళ్లు శివార్లకి తరలిపోతుంటే 1960ల చివర్లో, 70ల్లో గే కుర్రాళ్లు వచ్చి ఆ పాత విక్టోరియన్ ఇళ్లలో చేరి, సున్నాలేసి బాగుచేసుకున్నారు.

బార్ట్ రైల్లో వస్తే ఎంబార్కడెరోలోనో పావెల్‌లోనో దిగి, అదే స్టేషన్‌లో ఊరి రైలు మునీ మెట్రోలో కె, ఎల్, ఎం ఏ బండెక్కినా క్యాస్ట్రో స్టేషన్‌లో దింపుతుంది. క్లిప్పర్ కార్డు రెండింటికీ పనిచేస్తుంది. తొందర లేకపోతే ఎఫ్ లైను పాత ట్రామెక్కండి, మార్కెట్ స్ట్రీట్ అంతా కిటికీలోంచి చూస్తూ రావచ్చు. కారు మాత్రం తేవద్దు. జూన్ చివరి వారంలో అసలే తేవద్దు.

స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే తలెత్తండి. హార్వీ మిల్క్ (గే అని దాచుకోకుండా ఈ ఊళ్లో ఎన్నికైన నాయకుడు) పేరు పెట్టిన ప్లాజాలో 20 అడుగుల ఎత్తూ 30 అడుగుల పొడవూ ఉన్న రంగుల జెండా, గే ఉద్యమానికి గుర్తు, కనిపిస్తుంది. దానికంటే ముందు చప్పుడు వినిపిస్తుంది. సాయంత్రం గాలికి ఆ గుడ్డ పెద్ద పడవ తెరచాపలా ఫటఫటా కొట్టుకుంటుంది. మొదటిసారి వచ్చినరోజు నేను ఆ స్తంభం కింద పది నిమిషాలు నిలబడిపోయాను, ఎటు నడవాలో తోచక.

అందరూ జూన్ జూన్ అంటారెందుకు?

1969 జూన్ 28న న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే గే బారు మీద పోలీసులు దాడి చేస్తే జనం తిరగబడ్డారు. ఏడాది తిరిగేసరికి, 1970 జూన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో కొద్దిమంది పోక్ స్ట్రీట్ మీద నడిచారు. గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు ఏటా తలెత్తుకుని నడిచే ఇవాళ్టి ప్రైడ్ పెరేడ్‌కి మొదలు అదే. అయితే మా ఊరివాళ్లు ఇంకో సంగతి గుర్తుచేస్తారు, అది న్యాయం కూడా. స్టోన్‌వాల్ కంటే మూడేళ్ల ముందే, 1966 ఆగస్టులో, టెండర్లాయిన్ పేటలో కాంప్టన్స్ కఫెటేరియా దగ్గర ట్రాన్స్ ఆడవాళ్లు పోలీసులని ఎదిరించారు.

రంగుల జెండా పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, ఈ నెలలోనే. 1978 జూన్ 25న గిల్బర్ట్ బేకర్, ఆయన మిత్రులు చేత్తో రంగులద్ది కుట్టిన జెండాలు యునైటెడ్ నేషన్స్ ప్లాజాలో ఎగిరాయి. అప్పుడు ఎనిమిది రంగులు, ఇప్పుడు ఆరు. ఆ అసలు గుడ్డలో ఒక ముక్క 18వ వీధిలోని జి.ఎల్.బి.టి. హిస్టారికల్ సొసైటీ మ్యూజియంలో ఉంది. మ్యూజియం రెండు గదులంతే. పెరేడ్ చూడకపోయినా పర్వాలేదు, ఆ ముక్క చూసి వెళ్లండి. దగ్గరగా చూస్తే రంగు ఒక్కో చోట ఒక్కో తీరుగా పట్టి ఉంటుంది.

అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు కూడా విచిత్రంగా ఒకే తేదీన వచ్చాయి. స్వలింగ సంబంధాన్ని నేరం చేసే చట్టాలని కొట్టేసింది 2003 జూన్ 26న. కేంద్ర ప్రభుత్వం ఈ పెళ్లిళ్లని గుర్తించాల్సిందే అన్నది 2013 జూన్ 26న. దేశమంతటా పెళ్లి హక్కు ఇచ్చింది 2015 జూన్ 26న. ఆ చివరిరోజు మధ్యాహ్నం ఆఫీసు వదిలేసి క్యాస్ట్రోకి వచ్చినవాళ్లలో నేనొకణ్ని. ముక్కూమొహం తెలియని ఓ పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఏమందో గుర్తులేదు, చేతులు మాత్రం గుర్తున్నాయి.

నా సంగతి ఎవరికీ చెప్పలేదు. మనవాళ్లెవరైనా చూస్తే?

పదిమందిలో తొమ్మిదిమంది అడిగే ప్రశ్న ఇదే. "ఏం కాదులే" అని కొట్టిపారేయను. మన లోకం ఎంత చిన్నదో నాకూ తెలుసు. బే ఏరియాలో ఉన్న పక్కింటాయన మేనల్లుడు గుంటూరులో మీ బాబాయి గారి అపార్ట్‌మెంట్‌లోనే ఉంటాడు. ఫోటో ఒక్కటి వాట్సాప్‌లోకి వెళ్తే తెల్లారేసరికి అమ్మ ఫోన్ చేస్తుంది.

కాబట్టి జాగ్రత్తలు చెప్తాను. పెరేడ్‌లో ఎవరి ఫోన్ ఎటు తిరిగి ఉందో ఎవరికీ తెలియదు. మీ ముఖం బయటికి రాకూడదనుకుంటే పెరేడ్ రోజు రాకండి, మామూలు రోజున రండి. క్యాస్ట్రోలో మామూలు సాయంత్రం తిరిగేవాళ్లలో అందరూ ఉంటారు. టూరిస్టులు, తోపుడుబండిలో పిల్లల్ని తోసుకుంటూ వచ్చే జంటలు, కుక్కల్ని తిప్పేవాళ్లు. అక్కడ కనిపించినంత మాత్రాన ఎవరూ ఏమీ తేల్చలేరు. స్నేహితులతో గుంపుగా దిగే ఫోటోలకి "నాది పెట్టకండి" అని ముందే చెప్పండి. ఇక్కడివాళ్లకి ఆ మాట కొత్త కాదు, ఎందుకని అడగరు. మీరు కూడా ఎవరి ఫోటో అయినా వాళ్లనడిగే తీయండి.

ఇంకో సంగతి. ఇక్కడ మీకు మన మనిషి ఎదురైతే, అతను కూడా అక్కడే ఉన్నాడు కదా! మొదటి ఏడాది డొలోరెస్ పార్క్‌లో మా కాలేజీ సీనియర్ ఎదురుపడ్డాడు. ఇద్దరం చూపులు తిప్పుకుని చెరో వైపూ నడిచాం. ఇరవై అడుగులు వెళ్లాక ఇద్దరం ఒకేసారి వెనక్కి చూశాం. ఇవాళ నా ఇంటి తాళంచెవి రెండోది అతని దగ్గర ఉంటుంది.

ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అది మీ ఇష్టం. క్యాస్ట్రోకి రావడానికి అది టికెట్టు కాదు. ఎవరూ అడగరు.

ప్రైడ్ వారాంతంలో ఏ రోజు ఏముంటుంది?

జూన్ చివరి శని, ఆదివారాలు అసలు సందడి. శుక్రవారం ట్రాన్స్ మార్చ్, 2004 నుంచి నడుస్తోంది, డొలోరెస్ పార్క్ దగ్గర చేరతారు. శనివారం సివిక్ సెంటర్‌లో ఉత్సవం మొదలవుతుంది. అదే సాయంత్రం లెస్బియన్ ఆడవాళ్లు నడిచే డైక్ మార్చ్‌ది 1993 నుంచి వస్తున్న ఆనవాయితీ. అది నిర్వాహకుల ఓపికని బట్టి ఉంటుంది, ముందు కనుక్కుని వెళ్లండి. ఆదివారం పొద్దున మార్కెట్ స్ట్రీట్ మీద పెరేడ్. సముద్రం వైపు నుంచి సివిక్ సెంటర్ వైపు సాగుతుంది. అందరికంటే ముందు మోటార్‌సైకిళ్ల మీద ఆడవాళ్లు వస్తారు, డైక్స్ ఆన్ బైక్స్. 1976 నుంచీ ముందుండేది వాళ్లే. ఆ ఇంజిన్ల మోత గుండెల్లో తగులుతుంది.

చాలామందికి తెలియని విషయం, పెరేడ్ క్యాస్ట్రోలో జరగదు. పెరేడ్ అయ్యాక జనం ఇటు వస్తారు.

వీటన్నిటికీ ముందు ఫ్రేమ్‌లైన్ సినిమా పండగ ఉంటుంది, 1977లో మొదలైంది. ఈ తరహా చిత్రోత్సవాల్లో ప్రపంచంలోకెల్లా పాతది. భారతదేశం నుంచి కూడా సినిమాలొస్తుంటాయి. గుంపంటే బెరుకున్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. చీకట్లో కూర్చుంటారు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, బయటికొచ్చాక పక్కవాళ్లతో మాట్లాడ్డానికి సినిమా ఉంటుంది.

నాకు గుంపు పడదు, మందు తాగను. నాకక్కడ ఏముంటుంది?

నిజం చెప్పాలంటే అంతా మీకోసమే. మనిషికి ఒంటరితనం పెరేడ్ రోజున రాదు. బుధవారం సాయంత్రం పనైపోయి, వండుకోబుద్ధి కాక, ఫోన్ తీసి ఎవరికి చేయాలో తోచనప్పుడు వస్తుంది. ఈ పేట నాకు పనికొచ్చింది ఆ బుధవారాలకే. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

వసంతం నుంచి బుధవారం మధ్యాహ్నాలు నోయ్ స్ట్రీట్‌లో, మార్కెట్ స్ట్రీట్ మూల దగ్గర, రైతుబజారు పెడతారు. జూన్ మొదట్లో చెర్రీలు, ఆప్రికాట్లు వస్తాయి. అరవై దాటిన మగ జంటలు ఒకే సంచిని చెరో చెవీ పట్టుకుని నడుస్తూ, ఉల్లికాడలు పండిపోయాయని ఒకరు, బాగానే ఉన్నాయని ఒకరు వాదించుకుంటుంటే విన్నాను. మా అమ్మానాన్నలు తెనాలి బజార్లో ఇలాగే వాదించుకునేవాళ్లు. ఇద్దరు మగవాళ్లు కలిసి ముసలివాళ్లవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అది కళ్లతో చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున్నే గోల్డెన్ గేట్ పార్క్‌లో ఫ్రంట్ రన్నర్స్ వాళ్లు పరుగెత్తుతారు. 1974లో ఈ ఊళ్లో మొదలైన క్లబ్బు, ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. నడిచేవాళ్లూ వస్తారు, తర్వాత కలిసి టిఫినుకి వెళ్తారు. సాఫ్ట్‌బాల్, ఈత, కొండలెక్కడం, పేకాట, దేనికదే ఒక గుంపు ఉంది. పాడే గొంతుంటే శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్ ఉంది. వాళ్లు జనం ముందు మొదటిసారి పాడింది 1978 నవంబర్ 27 రాత్రి. ఆ పగలే హార్వీ మిల్క్‌ని, మేయర్ జార్జ్ మోస్కోనిని సిటీ హాల్‌లో కాల్చి చంపారు. కొవ్వొత్తులతో వచ్చిన జనం ముందు, సిటీ హాల్ మెట్ల మీద నిలబడి పాడారు.

పుస్తకాలు ఇష్టమైతే 16వ వీధిలో యురేకా వ్యాలీ లైబ్రరీ ఉంది, దానికి హార్వీ మిల్క్ పేరే పెట్టారు. సివిక్ సెంటర్ దగ్గర పెద్ద లైబ్రరీలో హార్మెల్ సెంటర్ అని ఒక గది మొత్తం గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల చరిత్రే. 1800 మార్కెట్ స్ట్రీట్‌లో ఎల్.జి.బి.టి. సెంటర్ 2002 నుంచి ఉంది. లోపలికెళ్లి "ఊరికి కొత్త" అంటే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ఎక్కడికెళ్లినా ఒక్కసారికి తేల్చేయకండి. మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి ఎవరూ పలకరించరు, రెండోసారి తలూపుతారు, మూడోసారి పేరు అడుగుతారు. నా అనుభవంలో ఈ లెక్క తప్పలేదు.

ఎండాకాలమే కదా, ఏం వేసుకుని రావాలి?

జాకెట్. ఫ్రీమాంట్‌లో ఎండ మండిపోతున్నా సరే జాకెట్. జూన్‌లో సముద్రం మీది పొగమంచు సాయంత్రం నాలుగైదింటికి ట్విన్ పీక్స్ మీదుగా పాలు పొంగినట్టు దిగుతుంది. ఆ కొండలు అడ్డం కాబట్టి పడమటి పేటలకంటే క్యాస్ట్రోలో ఎండ మెరుగే, కానీ పొద్దు వాలితే గాలి ఎముకల్ని కొరుకుతుంది.

బట్టల్లేకుండా తిరుగుతారట, నిజమేనా?

2013 ఫిబ్రవరి నుంచి ఊళ్లో బహిరంగ నగ్నత్వం మీద నిషేధం ఉంది. అనుమతి ఉన్న పెరేడ్లకీ ఉత్సవాలకీ మినహాయింపు. కాబట్టి ప్రైడ్ రోజు కొందరు కనిపిస్తారు, మామూలుగా నడుస్తూ మామూలుగా మాట్లాడుతూ. మీరూ మామూలుగా ఉండండి. ఫోటోలు తీయకండి.

బారుకి మొదటిసారి వెళ్తున్నా. ఏం తెలిసుండాలి?

21 ఏళ్లు నిండాలి, ఒరిజినల్ గుర్తింపు కార్డుండాలి. కాలిఫోర్నియా లైసెన్సు లేకపోతే పాస్‌పోర్ట్ తెచ్చుకోవాలి, ఫోన్‌లో ఫోటో ఒప్పుకోరు. రాత్రి రెండింటికి మందు అమ్మకం ఆగిపోతుంది. నీళ్లో సోడానో అడిగితే ఎవరూ వింతగా చూడరు, బార్‌టెండర్‌కి టిప్పు మాత్రం మరవద్దు. గ్లాసు మీ చేతిలోనే ఉంచుకోండి.

మొదటిసారికి నా సలహా మూల మీదున్న ట్విన్ పీక్స్ టావెర్న్. 1972లో ఇద్దరు లెస్బియన్ ఆడవాళ్లు దాన్ని కొని వీధివైపు గోడకి నిలువెత్తు గాజు అద్దాలు పెట్టించారు. అప్పటిదాకా గే బార్లంటే కిటికీలు మూసి, తలుపుకి తెరలు కట్టి ఉండేవి. లోపలివాళ్లు వీధిలోకి కనిపించేలా కట్టడానికి ఆ రోజుల్లో ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఎక్కువగా పెద్దవయసువాళ్లు కూర్చుంటారు, పాటల హోరు ఉండదు, మాట్లాడుకోవచ్చు. 2013లో ఊరు దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది.

కనిపించకూడదనుకునేవాళ్లు అద్దం పక్క బల్ల వదిలేసి పైకి మెట్లెక్కండి. కొన్నాళ్లు నేనూ పైనే కూర్చున్నాను.

యాప్‌లో పరిచయాలు మంచివేనా?

మంచివాళ్లు దొరికారు, మోసగాళ్లూ దొరికారు. మన విద్యార్థుల మీద ఎక్కువగా జరిగే మోసం ఒకటుంది. వీడియో కాల్ అంటారు, బట్టలు తీయమంటారు, రికార్డు చేసి, మీ కాంటాక్టులకి పంపుతామని డబ్బడుగుతారు. ఒక్క డాలర్ కూడా పంపకండి. పంపితే ఇంకా అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచుకుని, బ్లాక్ చేసి, నమ్మకమైన మనిషికి ఆ రాత్రే చెప్పండి. ఒంటరిగా మోయకండి, ఇది మీ తప్పు కాదు. మొదటిసారి కలిసేది పగలు, నలుగురున్న చోట. ఎక్కడికెళ్తున్నారో ఒకరికి తెలిసుండాలి.

మనవాళ్లు ఎవరైనా ఉంటారా?

ఉంటారు, అనుకున్నదానికంటే ఎక్కువమంది. 1986లో బే ఏరియాలోనే త్రికోణ్ అనే సంస్థ మొదలైంది. దక్షిణాసియా గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల సంస్థల్లో అంత పాతది ఇంకోటి లేదంటారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో అరవింద్ కుమార్, సువీర్ దాస్ ఒక చిన్న పత్రిక వేసి పోస్టులో పంపేవాళ్లు. ట్రాన్స్ మనుషులు ముందుండి నడిపే పరివార్ బే ఏరియా కూడా ఉంది. పెరేడ్‌లో దేశీ గుంపు వచ్చేటప్పుడు డోలు ముందు వినిపిస్తుంది, తర్వాత చీరలు, షేర్వాణీలు కనిపిస్తాయి.

తెలుగు వినాలనుంటే దానికి ప్రత్యేకంగా బోర్డేమీ ఉండదు. కానీ ఆ గుంపులో "ఏరా, నీళ్లున్నాయా?" అని ఎవరో ఒకరు అంటారు, చూడండి.

ఆడవాళ్లకి, ట్రాన్స్ వాళ్లకి ఈ పేటలో చోటుందా? లేక మగవాళ్లదేనా?

న్యాయమైన ప్రశ్న. క్యాస్ట్రో బార్లలో ఎక్కువగా కనిపించేది మగవాళ్లే, అందులోనూ తెల్లవాళ్లే. నాక్కూడా మొదట్లో కొన్నిచోట్ల నన్ను దాటి చూపులు పోతున్నట్టుండేది. ఆ బాధ నిజమే, దాచను.

అయితే ఊరు క్యాస్ట్రో ఒక్కటే కాదు. ఆడవాళ్ల అడ్డా చాలాకాలం మిషన్ పేట, వాలెన్సియా స్ట్రీట్. టెండర్లాయిన్‌లో కాంప్టన్స్ ఉండిన చోటు చుట్టూ 2017లో ట్రాన్స్‌జెండర్ డిస్ట్రిక్ట్‌ని ఊరు అధికారికంగా గుర్తించింది. ఇంకా పాత కథ కావాలంటే, డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ అనే ఇద్దరు ఆడవాళ్లు 1953లో కాపురం పెట్టింది క్యాస్ట్రో స్ట్రీట్‌లోనే, అప్పటికి ఇది గే పేటే కాదు. 1955లో డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అని దేశంలోనే మొదటి లెస్బియన్ సంఘం కట్టినవాళ్లలో ఉన్నారు. 2008 జూన్ 16న ఈ ఊళ్లో పెళ్లి చట్టబద్ధంగా జరిగిన మొదటి జంట వాళ్లిద్దరే. అప్పటికి కలిసుండి 55 ఏళ్లు. ఆ ఆగస్టులోనే డెల్ పోయారు.

ఇక్కడ పెళ్లి చేసుకుంటే ఇండియాలో చెల్లుతుందా? వీసా సంగతేంటి?

ఇండియాలో స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది గానీ, 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కాబట్టి అక్కడ చెల్లదు.

అమెరికాలో ఇమిగ్రేషన్ వాళ్లు పెళ్లి జరిగిన చోట అది చట్టబద్ధమేనా అని చూస్తారు. కాలిఫోర్నియాలో చేసుకున్న పెళ్లికి హెచ్1బి మీదున్నవాళ్ల భర్తకో భార్యకో హెచ్4 వీసా మామూలు జంటల్లాగే వస్తుంది. కాలిఫోర్నియాలో లైసెన్సుకి పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ నివాసం అక్కర్లేదు. ఇద్దరూ ఫోటో గుర్తింపుతో కలిసి వెళ్లాలి, లైసెన్సు 90 రోజులు పనిచేస్తుంది. మీ కేసులో చిక్కులుంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, నన్ను కాదు.

ఒక్కటి మాత్రం అడక్కుండానే చెప్తాను. గ్రీన్ కార్డ్ కోసం పెళ్లి చేసుకోకండి, అమ్మానాన్నల కోసం ఒక అమ్మాయిని కూడా చేసుకోకండి. ఆ రెండోది చేసిన ఇద్దరు నాకు తెలుసు. ఆ ఇద్దరు ఆడపిల్లల ముఖాలూ నాకు తెలుసు.

ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందా?

గే అనో ట్రాన్స్ అనో తీసేయడం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియా చట్టం ఎప్పట్నుంచో ఆ మాటే అంటోంది. దేశం మొత్తానికి సుప్రీంకోర్టు 2020 జూన్ 15న చెప్పింది. ఇది కూడా జూన్‌లోనే. చట్టం అలా ఉన్నా, మన టీములో మనవాళ్లే మేనేజర్లైతే భయం వేరే రకంగా ఉంటుందని నాకు తెలుసు. చెప్పకుండా ఉండటం తప్పేమీ కాదు.

టెస్టులు ఎక్కడ? హెచ్.ఐ.వి. టెస్టు చేయించుకుంటే వీసాకి ఇబ్బందా?

ఇబ్బంది లేదు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లని దేశంలోకి రానివ్వని నియమాన్ని 2010 జనవరిలో ఎత్తేశారు. క్లినిక్ వాళ్లు మీ కంపెనీకి చెప్పరు.

క్యాస్ట్రో స్ట్రీట్ మీదే స్ట్రట్ అనే క్లినిక్ ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషన్‌ది. టెస్టులు, ప్రెప్ అనే మందు, అన్నీ అక్కడే. ప్రెప్ సరిగ్గా వాడితే హెచ్.ఐ.వి. రాకుండా దాదాపు పూర్తిగా కాపాడుతుంది. మందులు వాడుతూ వైరస్ పరీక్షకి అందనంత తగ్గినవాళ్ల నుంచి శృంగారం ద్వారా ఇంకొకరికి అంటదు. సిఫిలిస్, క్లమీడియా తగ్గించడానికి, శృంగారం జరిగిన 72 గంటల్లోపు వేసుకునే డాక్సీసైక్లిన్ పద్ధతి గురించి కూడా అడగండి. 2022లో దానికి మార్గదర్శకాలిచ్చిన మొదటి ఆరోగ్యశాఖ ఈ ఊరిదే. ఎంపాక్స్ టీకా రెండు డోసులు, మధ్య నాలుగు వారాలు, కాబట్టి జూన్‌కి కావాలంటే మేలోనే మొదలుపెట్టాలి.

సిగ్గుపడకండి. అక్కడ నర్సులు జలుబు గురించి అడిగినట్టే అడుగుతారు.

ఈ పేటలో పెద్దవాళ్లతో ఏం మాట్లాడాలి? వాళ్లు కొంచెం దూరంగా ఉంటారెందుకు?

మా మేడ కింద వాటాలో ఒకాయన ఉంటాడు, డెబ్బై దాటాయి. వేసవి మొదలవగానే వీధి మెట్ల మీద కుర్చీ వేసుకుని, పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంచి కూర్చుంటాడు. నేను రెండేళ్లు హలో అని దాటిపోయాను. ఒక సాయంత్రం, "ఆ కుర్చీ అలంకారానికి వేయలేదు" అన్నాడు.

ఆయన వంటింట్లో గోడకి ఒక పాత పేపర్ చట్రం కట్టించి ఉంది. బే ఏరియా రిపోర్టర్, 1998 ఆగస్టు 13. ఇక్కడి గే వారపత్రిక అది, 1971 నుంచి వస్తోంది. ఎయిడ్స్ మొదలయ్యాక వారం వారం దాన్నిండా చనిపోయిన కుర్రాళ్ల ఫోటోలే. ఆ వారం మొదటిపేజీలో పెద్ద అక్షరాలతో ఒక్క వార్త, ఈ వారం సంతాప ప్రకటనలు లేవని. పదిహేడేళ్లలో అదే మొదటి వారం. ఈ ఊళ్లో దాదాపు 20,000 మంది పోయారు. ఆయన భాగస్వామి ఆ పేపర్‌కి నాలుగేళ్ల ముందు పోయాడు.

అందుకని వాళ్లు దూరంగా ఉన్నారనిపిస్తే, ఆ దూరంలో ఎంతమంది నిలబడి ఉన్నారో తెలుసుకోండి. ఏం అడగాలో తెలియకపోతే "ఈ వీధి అప్పుడెలా ఉండేది?" అని అడిగి, ఊరికే వినండి. గోల్డెన్ గేట్ పార్క్‌లో ఎయిడ్స్ స్మారక వనం ఉంది, జూన్‌లో పచ్చగా ఉంటుంది. పెరేడ్ హడావిడికి ముందు ఒక పొద్దున అక్కడికి వెళ్లి రండి.

కొండ మీద కనిపించే ఆ గులాబి త్రిభుజమేంటి?

నాజీలు తమ శిబిరాల్లో గే మగవాళ్ల చొక్కాలకి కుట్టిన గుర్తు అది. 1990ల మధ్య నుంచి ఏటా జూన్‌లో ట్విన్ పీక్స్ వాలు మీద దాన్ని దాదాపు ఒక ఎకరం మేర పరుస్తున్నారు. గులాబి రంగు టార్పాలిన్లు, వాటిని నేలకి బిగించే ఇనప మేకులు, వందలమంది వాలంటీర్లు. ఎవరైనా వెళ్లొచ్చు. పార్టీలో ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్లని నేను ఇక్కడికే తీసుకెళ్తాను. ఒకళ్లు మేకు పట్టుకోవాలి, ఇంకొకళ్లు సుత్తితో కొట్టాలి. వేళ్లు నలగకూడదంటే మాట్లాడుకోక తప్పదు! కిందటిసారి నాతో వచ్చిన కుర్రాడు, విజయవాడ వాడు, దారంతా ఒక్కమాట మాట్లాడలేదు. గంట తర్వాత చూస్తే మోకాళ్లకి మట్టి, చేతికి సుత్తి, పక్కన ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఆవిడకి గోంగూర అంటే ఏంటో వివరిస్తున్నాడు.

జూన్‌లో అమ్మానాన్న ఇక్కడే ఉంటారు. ఎలా?

మనలో చాలామందికి ఇదే చిక్కు. అక్కడి ఎండలకి తట్టుకోలేక ఏప్రిల్, మేలో వస్తారు, ఆరు నెలలుంటారు. సరిగ్గా జూన్ మధ్యలో పడుతుంది. "శనివారం ఆఫీసు పని" అని ఎన్నిసార్లు చెప్తాం?

వాళ్లకి చెప్పాలనుకుంటే ప్రైడ్ వారం చెప్పకండి. టీవీలో పెరేడ్ చూస్తూ ఆ మాట వింటే, వాళ్లకి కొడుకు కనిపించడు, టీవీలో మనుషులే కనిపిస్తారు. తిరుగు టికెట్టుకి ముందురోజు కూడా చెప్పకండి, అంత బరువుతో ఒంటరిగా పద్దెనిమిది గంటలు విమానంలో కూర్చోబెట్టడం అన్యాయం. మధ్యలో, వాళ్లకి ఏడవడానికీ, అడగడానికీ, కోపం చేయడానికీ రోజులు మిగిలేలా చెప్పండి. దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అనే సంస్థలో మనలాంటి ఇళ్ల తల్లిదండ్రులే కొత్తగా తెలిసిన తల్లిదండ్రులతో మాట్లాడతారు. మా అమ్మ నా మాట నమ్మలేదు. ఇంకో అమ్మ మాట నమ్మింది.

చెప్పకూడదనుకుంటే, వాళ్లని తీసుకునే క్యాస్ట్రోకి రండి. మధ్యాహ్నం పూట ఇళ్ల ముందు పూలు, మెట్లు, పాత ట్రామ్. మా నాన్న మొదటిసారి వచ్చి, బజారంతా తిరిగి, "ఇక్కడ మగవాళ్లు మొక్కలు బాగా పెంచుతార్రా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మరుసటేడు వచ్చినప్పుడు కింద వాటా ఆయన పక్కన ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఒకరి ఇంగ్లిష్ ఒకరికి సగమే అర్థమవుతుంది. గులాబి అంటు ఎలా కట్టాలో గంటసేపు మాట్లాడుకున్నారు.

ప్రైడ్ అయిపోయాక?

సోమవారం పొద్దున మార్కెట్ స్ట్రీట్ ఊడ్చేస్తారు. చెత్తబండ్లు వెళ్లాక కూడా కాలవ పక్కన మెరుపు కాగితాలు రెండుమూడు రోజులు మిగిలిపోతాయి. హోటళ్లు ఖాళీ అవుతాయి, పొగమంచు ఇంకాస్త ముందే దిగుతుంది. బుధవారం నోయ్ స్ట్రీట్‌లో చెర్రీలు అయిపోయి పీచ్ పళ్లు వస్తాయి. నేను ఆఫీసు నుంచి ఐదున్నరకల్లా అక్కడుంటాను, సంచి తెచ్చుకోవడం మర్చిపోయి ఉంటాను. ఎదురుపడితే తెలుగులో పలకరించండి.